క్యాప్సూల్ ఊగితే ఏమవుతుంది? సూపర్‌సానిక్ విండ్ టన్నెల్‌లో రీఎంట్రీ స్థిరత్వ పరీక్షలు

(తిరుపతిలో ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

శ్రీహరికోట మనకు దగ్గరే. రాకెట్ లేచిందంటే ఈ ఊళ్లో మిద్దెలెక్కి చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈరోజు నేను మాట్లాడేది మాత్రం పైకి లేచేదాని గురించి కాదు, తిరిగి కిందికి దిగేదాని గురించి. 2007 జనవరి 10న పీఎస్‌ఎల్‌వీ-సీ7తో వెళ్లిన ఇస్రో తిరుగు క్యాప్సూల్ ఎస్‌ఆర్‌ఈ-1 జనవరి 22న బంగాళాఖాతంలో దిగింది. దాని బరువు 550 కిలోలు. 2014 డిసెంబరు 18న ఎల్‌వీఎం3 ప్రయోగంలో 'కేర్' అనే ప్రయోగాత్మక క్యాప్సూల్ మాడ్యూల్ 126 కిలోమీటర్ల ఎత్తులో విడిపోయి, వాతావరణంలోకి వచ్చి, పారాచూట్లతో అండమాన్ దిక్కున సముద్రంలో దిగింది. దాని వ్యాసం 3.1 మీటర్లు, బరువు మూడున్నర టన్నులకు పైనే. గగన్‌యాన్ మనుషులు కూర్చునే మాడ్యూల్‌కూ ఇదే తరహా ఆకారం.

రీఎంట్రీ, అంటే అంతరిక్షం నుంచి వాతావరణంలోకి తిరిగి రావడం అనగానే అందరూ వేడి గురించే అడుగుతారు. అడగాల్సిందే. అయితే వేడి గండం దాటాక, పారాచూట్ తెరుచుకునే ముందు ఇంకో గండం ఉంది. వేగం మాక్ 3 (ధ్వని వేగానికి మూడు రెట్లు) నుంచి మాక్ 1కి తగ్గే ఆ కాసేపట్లో మొద్దు మూతి క్యాప్సూల్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు తనంతట తానే తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది విండ్ టన్నెల్‌లో తేల్చాల్సిన ప్రశ్న. ఎక్కువగా ఊగుతున్న క్యాప్సూల్ నుంచి పారాచూట్ వదిలితే తాళ్లు మెలిపడతాయి, లేదా పారాచూట్ క్యాప్సూల్‌కే చుట్టుకుంటుంది.

మొద్దు మూతి ఎందుకో రెండు ముక్కల్లో చెప్తాను. 1950ల మొదట్లో అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాలలో హెచ్. జూలియన్ ఆలెన్ తేల్చిన సంగతి ఇది: మూతి మొద్దుగా ఉంటే షాక్ తరంగం (గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయే పలుచటి పొర) ఒంటికి అంటకుండా ముందే నిలబడుతుంది, వేడిలో ఎక్కువ భాగం గాలిలోకే పోతుంది. అది గొప్ప లాభం. ఆ లాభానికి స్థిరత్వం రూపంలో వెల చెల్లిస్తున్నాం.

స్థిరత్వం రెండు రకాలు. మొదటిది స్థితి స్థిరత్వం. క్యాప్సూల్ ఐదు డిగ్రీలు పక్కకు తిరిగితే గాలి దాన్ని వెనక్కి తిప్పే దిశలో టార్క్ (తిప్పే బలం) ఇస్తుందా లేదా? గరిమనాభి ముందుకు, మూతి దగ్గరకు ఉంటే ఇస్తుంది. రెండోది గతిక స్థిరత్వం. వెనక్కి తిరిగిన క్యాప్సూల్ మధ్యలో ఆగదు, అవతలి వైపుకు పోతుంది, మళ్లీ వస్తుంది. ఒక్కో ఊపుకీ కోణం తగ్గుతోందా, పెరుగుతోందా? మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. చాలామంది విద్యార్థులు తడబడేది ఇక్కడే.

ఊపు పెరగడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? క్యాప్సూల్ వెనకున్న తోక గాలి నుంచి. వెడల్పాటి ముందు భాగం అంచు దగ్గర గాలి విడిపోయి, వెనక ఒక తిరుగుడు ప్రాంతం ఏర్పడుతుంది. అది కొంత దూరం పోయాక సన్నబడి మెడలాగా మూసుకుంటుంది. తిరుగుడు ప్రాంతం లోపల గాలి సబ్‌సానిక్, అంటే ధ్వని వేగం కన్నా నెమ్మది. కాబట్టి మెడ దగ్గర జరిగిన మార్పు వెనక్కి పాకి క్యాప్సూల్ వీపును చేరుతుంది, కానీ కాస్త ఆలస్యంగా. అంటే వీపు మీద ఈ క్షణంలో ఉన్న పీడనం క్యాప్సూల్ కాసేపటి క్రితం ఉన్న కోణానికి తగింది, ఇప్పటి కోణానికి కాదు. ఉయ్యాల మన నుంచి దూరంగా పోవడం మొదలుపెట్టిన క్షణంలో చిన్నగా తోస్తే చాలు, ఊపు పెరుగుతుంది. ఈ ఆలస్యం సరిగ్గా అలాంటి తోపునే ఇస్తుంది. మాక్ సంఖ్య పెరిగేకొద్దీ, డైనమిక్ ప్రెషర్‌తో (గాలి వేగం వల్ల వచ్చే ఒత్తిడితో) పోలిస్తే వీపు పీడనం చాలా చిన్నదైపోతుంది. అందుకే మాక్ 3 పైన ఈ బెడద తక్కువ, కిందికి వచ్చేకొద్దీ ఎక్కువ.

ఇంకో సంగతి. గమనమార్గంతో కలిపి లెక్క వేసినప్పుడు మూడు అంశాలు కలుస్తాయి: డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం), లిఫ్ట్ వాలు (కోణం మారితే పక్కకు ఎత్తే బలం ఎంత మారుతుందన్నది), డ్యాంపింగ్ గుణకం (గాలి ఊపును ఎంత అణుస్తుందో చెప్పే అంకె). సన్నటి మూతి వాహనంలో లిఫ్ట్ వాలు ఊపును అణిచే వైపు ఉంటుంది. మొద్దు క్యాప్సూల్‌లో దాని గుర్తు తిరగబడుతుంది, డ్రాగ్ కూడా పెద్దది. రెండూ ఊపును పెంచే వైపే మొగ్గుతాయి. పైగా డైనమిక్ ప్రెషర్ గరిష్ఠ స్థాయి దాటి తగ్గుతున్నప్పుడు తిప్పి తెచ్చే టార్క్ బలహీనపడుతుంది, ఊపు కోణం దానికదే పెరగడానికి చూస్తుంది. ఇన్ని వైపుల నుంచి వచ్చే తోపును ఆపాల్సింది ఒక్క డ్యాంపింగ్ గుణకమే. అందుకే దాన్ని ఇంత శ్రమపడి కొలుస్తాం.

ఇక టన్నెల్‌లోకి వెళ్దాం. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో 1.2 మీటర్ల ట్రైసానిక్ (ధ్వని వేగానికి కింద, దాని దగ్గర, దానికి పైన కూడా నడిచే) టన్నెల్ 1960ల నుంచి పనిచేస్తోంది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలో కొత్త ట్రైసానిక్ టన్నెల్ 2022 డిసెంబరులో మొదలైంది. రెండూ మాక్ 0.2 నుంచి 4 వరకు పనిచేస్తాయి. ఇలాంటి బ్లోడౌన్ టన్నెల్‌లో కంప్రెసర్లు గంటల తరబడి ట్యాంకుల్లో గాలి నింపుతాయి. ఆ తర్వాత వాల్వ్ తెరిస్తే సెట్లింగ్ ఛాంబర్, నాజిల్, టెస్ట్ సెక్షన్, డిఫ్యూజర్ మీదుగా గాలి బయటకు పోతుంది. పరుగు పదుల సెకన్లే ఉంటుంది.

అంకెలు వేసుకుందాం, పెన్ను తీయండి. సెట్లింగ్ ఛాంబర్‌లో 300 కెల్విన్, 2 బార్ అనుకోండి. మాక్ 2 కావాలంటే నాజిల్ గొంతు వైశాల్యానికి టెస్ట్ సెక్షన్ 1.69 రెట్లు ఉండాలి. అక్కడ గాలి ఉష్ణోగ్రత 167 కెల్విన్‌కు, అంటే మైనస్ 106 డిగ్రీలకు పడిపోతుంది. వేగం సెకనుకు 518 మీటర్లు. డైనమిక్ ప్రెషర్ 72 కిలోపాస్కల్. మాక్ 3లో ఉష్ణోగ్రత 107 కెల్విన్, మాక్ 4లో 71 కెల్విన్. ఇంకా పైకి పోతే గాలే ద్రవంగా మారే ప్రమాదం ఉంది కాబట్టి ముందే వేడి చేయాలి.

ఇంత చలిలో గాలిలో తేమ ఉంటే ఏమవుతుంది? నాజిల్‌లోనే ఆవిరి గడ్డకట్టి వేడి వదులుతుంది. దాంతో మాక్ సంఖ్య మారిపోతుంది, పరుగులో ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. అందుకే ట్యాంకులోకి పోయే గాలిని సిలికా జెల్ లేదా యాక్టివేటెడ్ అల్యూమినా మీదుగా పంపి, డ్యూ పాయింట్‌ను (గాలిలో తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను) మైనస్ 40 డిగ్రీల కిందకి తేవాలి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఇలాంటి తేమ ఉన్న చోట టన్నెల్ నడిపితే డ్రయ్యర్ త్వరగా తడిసిపోవచ్చు. అలా అయితే పదార్థాన్ని వేడిగాలితో ఆరబెట్టే గడువు ముందుకు జరపాలి. డ్యూ పాయింట్ మీటర్ చూడకుండా పరుగు మొదలుపెట్టకూడదు.

మోడల్ పరిమాణం. 3.1 మీటర్ల క్యాప్సూల్‌ను 20లో ఒకటో వంతు చేస్తే 155 మి.మీ. వస్తుంది. 1.2 మీటర్ల చదరపు సెక్షన్‌లో అది అడ్డుపడే వైశాల్యం 1.3 శాతం. మాక్ 2కి ఇది ఫర్వాలేదు. అయితే అడ్డు శాతం ఒక్కటే చూసి ఊరుకోకండి. మోడల్ ముందున్న షాక్ గోడకు తగిలి తిరిగొస్తుంది. బలాలు మాత్రమే కొలిచే పరీక్షలో ఆ తిరిగొచ్చిన షాక్ మోడల్ వీపు వెనక పడితే చాలు. డ్యాంపింగ్ పరీక్షలో అది తోక గాలి మెడకు కూడా వెనకే పడాలి. ఎందుకంటే మెడ దగ్గర కదిలిందేదైనా సబ్‌సానిక్ ప్రాంతం గుండా వీపు దాకా పాకుతుందని ఇందాకే చెప్పుకున్నాం. మాక్ 1.2, 1.5 దగ్గర షాక్ బాగా నిటారుగా నిలబడి, తిరిగొచ్చేది మోడల్‌కు చాలా దగ్గరగా పడుతుంది. అక్కడ మోడల్ చిన్నది చేయాలి, లేదా రంధ్రాల గోడలున్న సెక్షన్ వాడాలి.

సామ్యం కుదరాల్సినవి: మాక్ సంఖ్య, రేనాల్డ్స్ సంఖ్య (గాలి జడత్వానికీ జిగటకూ ఉండే నిష్పత్తి), ఊపు వేగానికీ గాలి వేగానికీ ఉండే నిష్పత్తి. మూడోదాన్ని రెడ్యూస్డ్ ఫ్రీక్వెన్సీ అంటారు. 20 కిలోమీటర్ల ఎత్తులో మాక్ 2 అంటే సెకనుకు 590 మీటర్లు. అసలు క్యాప్సూల్ సెకనుకు ఒకసారి ఊగుతుంటే, మన చిన్న మోడల్ సెకనుకు పదిహేడున్నర సార్లు ఊగాలి. 20ని 518తో హెచ్చించి 590తో భాగించండి, అదే వస్తుంది. తోక గాలి ఆలస్యం అసలు విషయమైనప్పుడు ఈ నిష్పత్తి తప్పితే కొలిచింది వేరే సమస్య అవుతుంది.

ఆ పదిహేడున్నర సార్లు రావాలంటే మోడల్ ఎంత తేలిగ్గా ఉండాలి? స్థిరత్వ గుణకం రేడియన్‌కు మైనస్ 0.15 అనుకుందాం. గాలి ఇచ్చే తిప్పే బలం రేడియన్‌కు సుమారు 31 న్యూటన్-మీటర్లు. జడత్వ భ్రామకం (తిరగడానికి మోడల్ ఎంత మొరాయిస్తుందో చెప్పే అంకె) 0.0026 కిలో-చదరపు మీటరు మాత్రమే ఉండాలి. అంటే మొత్తం మోడల్ కిలో దరిదాపుల్లో ఉండాలి. కాబట్టి ఉక్కు పనికిరాదు, అల్యూమినియం లేదా మెగ్నీషియం మిశ్రమంతో పలుచటి గుల్ల చేయాలి. అదే గుల్ల సుమారు 2,000 న్యూటన్ల డ్రాగ్‌ను తట్టుకోవాలి. టన్నెల్ మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు నార్మల్ షాక్ (ప్రవాహానికి అడ్డంగా నిలువుగా ఉండే షాక్) మోడల్ మీదుగా పోతుంది. ఆ కుదుపు పరుగులో ఉండే బలానికి కొన్ని రెట్లు ఉండొచ్చు. అందుకే ప్రవాహం కుదురుకునే దాకా మోడల్‌ను తాళం పిన్నుతో బిగించి ఉంచి, ఆ తర్వాతే గాలి పీడనంతో పిన్ను లాగి వదులుతాం.

ఇరుసు ఎక్కడ పెట్టాలి? సరిగ్గా అసలు వాహనం గరిమనాభి ఉన్న చోట. ఇక్కడ చిన్న తప్పు ఎంత చేస్తుందో చూడండి. ఇరుసు అక్షం నుంచి పక్కకు ఒకటిన్నర మి.మీ. జరిగిందనుకోండి. అది వ్యాసంలో ఒక శాతం. యాక్సియల్ ఫోర్స్ (అక్షం వెంట తోసే బలం) గుణకం 1.5 ఉంటే 0.015 టార్క్ గుణకం అదనంగా వస్తుంది. దాన్ని 0.15తో భాగిస్తే 0.1 రేడియన్, అంటే దాదాపు ఆరు డిగ్రీలు. మోడల్ సున్నా దగ్గర ఊగాల్సింది ఆరు డిగ్రీల దగ్గర ఊగుతుంది. అపోలో లాంటి క్యాప్సూల్స్ ఇదే గుణాన్ని కావాలని వాడుకున్నాయి. గరిమనాభిని పక్కకు జరిపి, వాలుగా ఎగిరి, కొంత లిఫ్ట్ తెచ్చుకున్నాయి. మన పరీక్షలో మాత్రం అది కోరకుండా వచ్చిన వాలు.

డ్యాంపింగ్ కొలవడానికి రెండు దారులు. ఒకటి, మోడల్‌ను ఒక కోణంలో వదిలేసి ఊపు ఎలా మారుతోందో చూడటం. డ్యాంపింగ్ గుణకం మైనస్ 0.3 అనుకుంటే మన మోడల్‌లో ఊపు కోణం 0.38 సెకన్లలో, అంటే ఏడు ఊపులు తిరక్కుండానే సగమవుతుంది. గుర్తు ప్లస్ అయితే అంతే సమయంలో రెట్టింపవుతుంది. ఇరవై సెకన్ల పరుగులో ఇది హాయిగా కనబడుతుంది.

ఇక్కడ మోసం చేసేది బేరింగ్. బాల్ బేరింగ్ వాడితే దాని రాపిడి కూడా ఊపును తగ్గిస్తుంది, అది గాలి చేసిన పనిలాగే కనిపిస్తుంది. గాలి లేకుండా వాక్యూమ్ పెట్టెలో మోడల్‌ను ఊపి, యంత్రపు డ్యాంపింగ్ కొలిచి తీసేస్తే సరిపోతుందని అనుకుంటారు. సరిపోదు. పరుగులో బేరింగ్ మీద రెండు వేల న్యూటన్ల బరువు పడుతోంది, వాక్యూమ్ పెట్టెలో పడటం లేదు. బరువు పెరిగితే రాపిడీ పెరుగుతుంది. అందుకని ఇరుసును తీగతో వెనక్కి లాగి, అంతే బరువు వేలాడదీసి, అప్పుడు మళ్లీ ఊపి కొలవాలి. రాపిడి ఉందా లేదా అన్నది గ్రాఫే చెప్తుంది. ఊపు కోణాల లాగరిథమ్‌ను సమయంతో గీస్తే గాలి డ్యాంపింగ్ సరళరేఖలా వస్తుంది. పొడి రాపిడి ఉంటే చివర్లో, చిన్న కోణాల దగ్గర, గీత కిందికి వంగిపోతుంది. అలా వంగిన భాగం నుంచి గుణకం తీయకూడదు.

బేరింగ్ బదులు ఫ్లెక్షర్, అంటే వంగే పలుచటి ఉక్కు పట్టీల ఇరుసు వాడొచ్చు. రాపిడి దాదాపు ఉండదు. కానీ కొద్ది డిగ్రీలకు మించి వంగదు. గ్యాస్ బేరింగ్ పెద్ద కోణాలకూ పనికొస్తుంది. అయితే దానికి గాలి గొట్టం స్టింగ్ (మోడల్‌ను వెనక నుంచి పట్టుకునే కడ్డీ) లోపల నుంచి తేవాలి, స్టింగ్ లావవుతుంది.

రెండో దారి, మోటారుతో మోడల్‌ను ఒక డిగ్రీ ఊపులో బలవంతంగా ఆడించి, స్ట్రెయిన్ గేజులతో (లోహం ఎంత సాగిందో కొలిచే పట్టీలతో) టార్క్ కొలవడం. కోణంతో కలిసి నడిచే టార్క్ స్థిరత్వ గుణకాన్ని ఇస్తుంది, కోణానికి పావు చక్రం తేడాతో నడిచేది డ్యాంపింగ్‌ను ఇస్తుంది. చిక్కంతా రెండోది చాలా చిన్నది కావడంలోనే ఉంది. ఇందాకటి అంకెలతోనే వేస్తే అది మొదటిదానిలో 3.3 శాతం. కోణం కొలిచే తీగకూ టార్క్ కొలిచే తీగకూ మధ్య ఒక డిగ్రీ ఫేజ్ తేడా వస్తే, మొదటిదాంట్లో 1.75 శాతం రెండోదాంట్లోకి కారుతుంది. అంటే జవాబులో సగానికి పైగా తప్పు. కాబట్టి అన్ని ఛానెళ్లకూ ఒకే ఫిల్టర్, ఒకే శాంప్లింగ్ సమయం ఉండాలి. గాలి లేకుండా, తెలిసిన స్ప్రింగ్‌తో ఆడించి ఫేజ్ సున్నా వస్తోందని ముందే నిరూపించుకోవాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి: స్టింగ్. మోడల్‌ను పట్టుకునే కడ్డీ వెనక నుంచి, సరిగ్గా తోక గాలి మధ్యలో నుంచి వస్తుంది. ఊపును పెంచేదీ తగ్గించేదీ తోక గాలే అని ఒప్పుకున్నాక, దాని మధ్యలో కడ్డీ పెట్టి కొలవడం ఎంత జాగ్రత్తతో చేయాల్సిన పనో ఆలోచించండి. లావు స్టింగ్ తిరుగుడు ప్రాంతాన్ని నింపేస్తుంది, మెడ సన్నబడకుండా ఆపుతుంది. అప్పుడు మోడల్ అసలు కన్నా బుద్ధిగా ఊగినట్టు కనబడొచ్చు. స్టింగ్‌ను తగ్గించుకుంటూ పోతే రెండు వేల న్యూటన్ల బలానికి అదే ఊగుతుంది, మోడల్ ఊపులో స్టింగ్ ఊపు కలిసిపోతుంది. స్టింగ్ సహజ ఫ్రీక్వెన్సీ మోడల్ ఫ్రీక్వెన్సీకి చాలా పైన ఉండాలి. ఆచరణలో రెండు మూడు వేర్వేరు వ్యాసాల స్టింగులతో అదే పరీక్ష మళ్లీ చేసి, జవాబు మారుతోందేమో చూడాలి. మారితే, సున్నా వ్యాసం వైపు గీత పొడిగించి అంచనా వేయాలి. పక్కన ష్లీరెన్ కెమెరాతో (గాలి సాంద్రతలో తేడాలను చూపే కెమెరాతో) మెడ ఎక్కడుందో చూస్తూ ఉండాలి. డ్యాంపింగ్ గుణకం ఒక్క అంకెగా రాసిచ్చిన రిపోర్టును నేను నమ్మను. ఏ మాక్, ఏ ఊపు కోణం, ఏ రెడ్యూస్డ్ ఫ్రీక్వెన్సీ, ఏ స్టింగ్ వ్యాసం, ఇరుసు ఎక్కడ, ఇవన్నీ పక్కన ఉంటేనే ఆ అంకెకు విలువ.

ఊపు కోణం సంగతి కూడా చెప్పాలి. చిన్న కోణాల దగ్గర ఊపు పెరిగి, పెద్ద కోణాల దగ్గర తగ్గే క్యాప్సూల్స్ ఎక్కువ. అలాంటిది మధ్యలో ఒక కోణం దగ్గర స్థిరపడి అలాగే ఊగుతూ ఉంటుంది. దీన్ని లిమిట్ సైకిల్ అంటారు. దాన్ని పట్టుకోవాలంటే 2 డిగ్రీల దగ్గర ఒకసారి, 20 డిగ్రీల దగ్గర ఒకసారి వదలాలి. కింద నుంచి వచ్చినదీ పై నుంచి వచ్చినదీ ఒకే కోణం దగ్గర కలిస్తే అదే లిమిట్ సైకిల్. రెండు డిగ్రీల ఫ్లెక్షర్‌తో మాత్రమే పరీక్ష చేసినవాళ్లకు ఇది కనబడదు.

ప్రశ్న: మేడమ్, ఇవన్నీ కంప్యూటర్‌లో సీఎఫ్‌డీతో, అంటే గాలి ప్రవాహాన్ని లెక్కించే పద్ధతితో చేయలేమా?

చేస్తున్నారు, చేయాలి కూడా. స్థితి గుణకాలు బాగానే వస్తాయి. డ్యాంపింగ్‌కు మాత్రం తోక గాలి క్షణక్షణం ఎలా మారుతోందో లెక్కించాలి. స్థిర ప్రవాహపు లెక్కలో ఆలస్యం అన్నదే ఉండదు. కాలంతో మారే లెక్క చేసి, అందులో క్యాప్సూల్‌ను ఊగనివ్వాలి. దానికి చాలా కంప్యూటర్ సమయం పడుతుంది, పైగా టర్బులెన్స్ నమూనా మారితే జవాబు మారుతుంది. నేను సూచించేది ఇది: ముందు సీఎఫ్‌డీలో స్టింగ్‌తో సహా టన్నెల్ పరీక్షనే లెక్కించండి. అది టన్నెల్‌తో కలిస్తే, అప్పుడు స్టింగ్ తీసేసి లెక్కించండి. స్టింగ్ ప్రభావం ఎంతో తెలుస్తుంది.

ప్రశ్న: స్టింగ్ లేకుండా పరీక్షించే మార్గం లేదా మేడమ్?

ఉంది. బాలిస్టిక్ రేంజ్‌లో చిన్న మోడల్‌ను తుపాకీతో పేల్చి, దారి పొడవునా నీడ ఫొటోలు తీస్తారు. తోక గాలికి అడ్డేమీ ఉండదు. కానీ మోడల్ చాలా చిన్నది, పోతూ పోతూ వేగం తగ్గుతుంది, దొరికేవి కొద్ది ఊపులే. వాటికి గమన సమీకరణాలు అమర్చి గుణకం తీయాలి. అయస్కాంతాలతో మోడల్‌ను గాలిలో నిలబెట్టే టన్నెళ్లూ ఉన్నాయి. మంచి పద్ధతే, కానీ పెద్ద డ్రాగ్‌ను అయస్కాంతాలతో ఆపడం కష్టం. టన్నెల్, రేంజ్ రెండింటి జవాబులు కలిస్తేనే ధైర్యం.

ప్రశ్న: పరీక్షలో ఊపు పెరుగుతుందని తేలితే ఏం చేస్తారు? ఆకారం మారుస్తారా?

గరిమనాభిని ఇంకా ముందుకు జరపడం మొదటి ప్రయత్నం. లోపల బ్యాటరీలు, పరికరాలు సర్దే దశలోనే ఇది అయిపోవాలి. తర్వాత వీపు ఆకారం, భుజం గుండ్రం. చిన్న థ్రస్టర్లు ఉన్న వాహనంలో వాటితో ఊపు అణచవచ్చు. ఇవేవీ లేని చిన్న క్యాప్సూల్‌కు ఇంకో దారి ఉంది. తోకచుక్క ధూళి తెచ్చి 2006 జనవరిలో దిగిన స్టార్‌డస్ట్ క్యాప్సూల్ సుమారు మాక్ 1.4 దగ్గరే చిన్న డ్రోగ్ పారాచూట్ తెరిచింది, ట్రాన్సానిక్‌లో, అంటే మాక్ 1 చుట్టుపక్కల ఊపు పెరగకముందే. అయితే ఆ క్షణం ఎప్పుడో తెలియాలంటే ఆ ఎత్తులో గాలి సాంద్రత, గాలివాటం తెలియాలి. మన పక్కనే గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ పై వాతావరణంలో గాలివాటాలు కొలుస్తుంది. అవకాశం దొరికితే వెళ్లి చూడండి. టన్నెల్‌లో వచ్చిన గుణకం ఒక్కటే ఉంటే చాలదు, దాన్ని వాడే వాతావరణం కూడా తెలియాలి.

ప్రశ్న: మా కాలేజీలో చిన్న సబ్‌సానిక్ టన్నెలే ఉంది. దాంతో ఏమైనా నేర్చుకోవచ్చా?

మాక్ 2 ఫలితాలు రావు, ఆ ఆశ పెట్టుకోకండి. కొలిచే పద్ధతి మాత్రం పూర్తిగా నేర్చుకోవచ్చు. ముందు జడత్వ భ్రామకం. మోడల్‌ను ఒక మీటరు పొడవున్న రెండు సమాంతర దారాలతో, 100 మి.మీ. ఎడంతో వేలాడదీసి చిన్నగా తిప్పి వదలండి. గరిమనాభి సరిగ్గా రెండు దారాల నడుమ ఉండాలి. కిలో బరువు, 0.0026 జడత్వం ఉంటే ఒక ఊపుకు సుమారు 2.05 సెకన్లు పడుతుంది. 50 ఊపులు లెక్కపెట్టి భాగించండి. దారాల ఎడం జవాబులో వర్గంగా వస్తుంది కాబట్టి ఒక మి.మీ. తప్పితే రెండు శాతం పోతుంది, స్కేలుతో కాక వెర్నియర్‌తో కొలవండి. తర్వాత ఇరుసు మీద మోడల్‌ను టన్నెల్ ఆపేసి ఊపి లాగరిథమ్ గ్రాఫ్ గీయండి. బేరింగ్ మీద బరువు వేసి మళ్లీ గీయండి. రెండు గీతల వాలు ఎంత మారిందో చూసుకుని, ఆ తర్వాతే టన్నెల్ ఆన్ చేయండి.